నాలుక కింద గింజ

మొన్న పొద్దున మా మునిమనుమరాలి నోరు నా చేత్తో మూసేశాను. మెల్లగా కాదు, గట్టిగానే మూశాను. పిల్ల బెదిరి నా మొహంలోకి చూసింది. అంగన్‌వాడీ టీచరమ్మ అంతకంటే ఎక్కువ బెదిరింది.

"ఏమైందవ్వా? పిల్ల ఏం తప్పు చెయ్యలే గద!" అంది.

నిజమే, పిల్ల ఏ తప్పూ చేయలేదు. జ్వరమొచ్చి నాలుగు రోజులు బడికి పోలేదని టీచరమ్మే మా అరుగు మీదికి వచ్చింది. చిన్నపిల్లలకు లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసి పై ఆఫీసరుకు చెప్పాలట. వెంట ఒక బట్టబొమ్మను తెచ్చింది. మేం పొద్దున తిన్న సీతాఫలాల గింజలు చాటలో ఎండుతుంటే కొన్ని తీసి అరుగు మీద వరుసగా పేర్చింది. "ఈ బొమ్మకు లెక్కలు సక్కగ రావు. తప్పు చెప్తే నువ్వు దిద్దాలె, సరేనా?" అని పిల్లకు చెప్పి, బొమ్మ చేతిని గింజల మీద ఆడిస్తూ, నడుమ ఒక గింజను వదిలేసి లెక్కపెట్టింది. పిల్ల చటుక్కున నోరు తెరిచింది. అప్పుడే నా చెయ్యి పోయింది.

టీచరమ్మకు ఏమని చెప్పను? ఆ ఆట నాకు కొత్త కాదు. నేను ఆడినప్పుడు బొమ్మ లేదు, అంతే తేడా.

మా ఊరు కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ, అడవంచున ఉండేది. వానలు వెనకబట్టగానే గుట్టలన్నీ సీతాఫలాలతో నిండిపోయేవి. మాది ఇస్తర్లు కుట్టే ఇల్లు. మోదుగాకులు తెచ్చి, ఎండబెట్టి, సన్నటి పుల్లలతో కుట్టి, కట్టలు కట్టి గడికి ఇచ్చేవాళ్ళం. గడి అంటే ఊరి దొరగారి ఇల్లు. ఇల్లని అనడమే గాని ఊరంత గోడ. ఇస్తర్లు ఊరికే ఇవ్వాలి. అది వెట్టి. ఎందుకివ్వాలి అని అడిగిన మనిషిని నేను చూడలేదు. బతికున్నవాళ్ళలో చూడలేదు.

మా ఇంట్లో ఎప్పుడూ ఎండాకు వాసన, కట్టెల పొగ, జొన్నరొట్టె కాలిన వాసన. ఆ ఆకుల కుప్ప నడుమ కూర్చునే నాకు లెక్కలొచ్చాయి. నేర్పింది బాపును కన్నతల్లి, మా బాపమ్మ. ఆమె ఒకటి అనేది కాదు, లాభం అనేది. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి అందరూ అట్లే అంటారు గదా, ఆమె ఇస్తర్లకూ అదే అనేది. లాభం, రెండు, మూడు. నేనూ అట్లే పట్టేశాను. ఇక నా నోరు ఆగేది కాదు. గోడ మీది పిడకలు, రొట్టె మీది మచ్చలు, పక్కింటి తాతకు మిగిలిన పళ్ళు, ఏదీ వదలలేదు. కోడిపిల్లలను లెక్కపెడితే మాత్రం మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, వీపు మీద ఒక్కటి వేసేది. "పానమున్నదాన్ని లెక్కపెట్టొద్దే, దిష్టి తాకుతది" అనేది.

ఆ ఏడు సీతాఫలాలు కండ్లు తెరిచే వేళకు ఊళ్ళో ఒక మాట పుట్టింది. గడిలో లెక్కల పిల్ల పెద్దదైందట, దొరసానికి ఇంకొకటి కావాలట.

గడిలో ఎప్పుడూ ఒక చిన్నపిల్ల ఉండేది. పాలపళ్ళు ఇంకా ఊడని పిల్ల అయితేనే దొరసానికి నచ్చేది. తోమిన గిన్నెలు, వచ్చిన ఇస్తరి కట్టలు, సాయంత్రం గూట్లోకి దూరిన కోళ్ళు లెక్కపెట్టి ఆమెకు చెప్పడం ఆ పిల్ల పని. పెద్దవాళ్ళయితే తమవాళ్ళ కోసం అబద్ధమాడతారని ఆమె నమ్మకం. చిన్నది అబద్ధమాడదు, తక్కువ తింటుంది, ఎక్కడైనా దూరుతుంది. ఒకసారి లోపలికి పోయిన పిల్ల ఇంకో చిన్నది దొరికేదాకా బయటికి రాదు. బతుకమ్మకు ముందు ఇంటింటి నుంచీ గడికి సీతాఫలాల గంప పోవాలి, గంపతోపాటు ఇంట్లో ఉన్న చిన్న ఆడపిల్ల కూడా పోవాలి. దొరసాని అక్కడే చూసి ఏరుకునేది.

మా చెల్లె అప్పటికి ఇంకా మాటలు తడబడే పిల్ల, పోవాల్సింది నేనే. మా ఇంట్లో భయం మొదలైంది. బాపు అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. బాపమ్మ మాత్రం నన్ను ముందేసుకుని మొద్దుతనం నేర్పడం మొదలుపెట్టింది.

"రెండు తర్వాత ఎంతనే?"

"మూడు."

"కాదే నా తల్లీ! ఐదు అను. తెల్వదను. నోరెళ్ళబెట్టు."

నోరెళ్ళబెట్టడం బాగా వచ్చింది. ఐదు అనడమే రాలేదు. రెండు తర్వాత ఐదంటే చెప్పుల్లో రాయి ఉన్నట్టు ఉండేది. ఐదు అనేసి, "మూడు, నాలుగు ఏడికి వాయె?" అని వెంటనే నేనే అడిగేదాన్ని. అవ్వ ఏడుస్తూనే నవ్వేది. బాపమ్మ తల కొట్టుకుని, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. దీని నోరే దీన్ని ముంచుతది" అంది.

చివరికి ఒక ఉపాయం చేసింది. గడికి పోయే పొద్దున బాగా మాగిన సీతాఫలం విప్పి నా నోట్లో కుక్కింది. "గుజ్జు మింగు, గింజలు మింగకు. ఉమ్మకు. బుగ్గల పెట్టుకో. నోరు నిండి ఉంటే మాట రాదు. ఇంటికొచ్చినంక ఉమ్ముదువు" అంది.

గడి పెద్ద తలుపు పండుగలకే తెరిచేవారు. అందులోనే చిన్న దిడ్డి తలుపు ఉండేది, దాంట్లోంచి వంగి పోవాలి. గంప నెత్తిన పెట్టుకుని బాపమ్మ వంగింది, వెనకే నేను. లోపల ఇంకా కొన్ని ఇళ్ళ ఆడవాళ్ళు పిల్లలతో నిలబడి ఉన్నారు. దొరసాని ఉయ్యాల మీద కూర్చుని తమలపాకులు మడుస్తోంది. సన్నటి మనిషి, గొంతు ఎప్పుడూ లేచేది కాదు. ఒక్కో పిల్లను పిలిచి, వేళ్ళు చూపించి అడుగుతోంది. పిల్లలు ఏడ్చారు, తెల్లమొహం వేశారు. మా ఒక్క ఇల్లే కాదు, ఊరంతా పిల్లలకు మొద్దుతనం నేర్పి పంపిందని ఇప్పుడనిపిస్తుంది.

నా వంతు వచ్చింది. నేను ఊరికే నిలబడ్డాను అనుకుంటున్నారా? నోట్లో గింజలను నాలుకతో ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు తోస్తూ లెక్కపెడుతున్నాను. పది ఉన్నాయి.

"నోట్లె ఏందే పోరి?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఉమ్ము" అని ఇత్తడి పళ్ళెం ముందుకు చాపింది.

బాపమ్మ "నీ బాంచెన్ దొరసానీ, పిల్లకు తిండియావ" అంటూనే ఉంది. గింజలు పళ్ళెంలో టకటకా పడ్డాయి. దొరసాని నన్ను ఏమీ అడగలేదు. తమలపాకు తొడిమతో ఒక్కో గింజనూ పక్కకు జరుపుతూ తానే లెక్కపెట్టింది. ఒకదాన్ని జరిపింది గాని లెక్కలో వేయలేదు.

"తొమ్మిది" అంది.

నేను బాపమ్మను చూశాను. ఆమె కళ్ళు నేలలో పాతుకున్నాయి. పళ్ళు బిగబట్టుకున్నాను.

దొరసాని మళ్ళీ లెక్కపెట్టింది. ఈసారి ఒకే గింజను రెండుసార్లు ముట్టింది. "పదకొండు. ఇప్పుడు సక్కగొచ్చింది గదనే?"

అవి నా గింజలు. నా నోట్లో ఉన్నవి. నాకు తెలియదా!

"కాదు, పది. దాన్ని రెండుసార్లు ముట్టిండ్రు" అన్నాను.

 బాపమ్మ ఉన్నచోటే కూలబడింది. దొరసాని నవ్వింది, కోపంగా కాదు, ముద్దుగానే. "పిల్లలను అడిగితే చెప్పరు. మనం తప్పు చెప్తే ఆగలేరు" అని పక్కనున్న దాసితో అంది. బాపమ్మ చేతిలో ఒక రవికెగుడ్డ పెట్టించి పంపేసింది. దిడ్డి తలుపు గడియ పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

గడిలో అన్నం ఉండేది. అది కూడా చెప్పాలి. వరి అన్నం, పప్పు, పండుగనాడు నెయ్యి. మా ఇంట్లో ఏడాదికోసారి చూసేవి అక్కడ నెలకోసారి చూశాను. కాని పడుకోవడం మాత్రం సీతాఫలాలు మాగేసే అర్రలో. గడ్డిలో పెట్టిన పళ్ళు ఒక్కొక్కటే మాగుతూ, కొన్ని కుళ్ళుతూ, తియ్యటి వాసన ముక్కులో కూర్చునేది. కిటికీ లేదు. ఆ కాలం పోయినా గడ్డిలోంచి ఆ వాసన పోలేదు.

మొదటి రోజే గిన్నెలు లెక్కపెడుతూ "లాభం, రెండు" అన్నాను. దొరసాని చెంప మీద కొట్టి, "ఎవరికే లాభం? ఒకటి అను" అంది. అప్పటి నుంచి ఒకటి అన్నాను. పైకి.

పగలు పని చెప్పేంత పెద్దది కాదు. లెక్కపెట్టడం, చెప్పడం. మిగతా సేపు మిద్దె మెట్ల మీద కూర్చునేదాన్ని. అక్కడి నుంచి గుట్టలు కనిపించేవి, మా ఇంటి కప్పు మాత్రం కనిపించేది కాదు. దొరసాని కూడా ఆ గడప దాటి బయటికి పోగా నేను చూడలేదు. ఎడ్లబండి కట్టినా పరదాలు దించాకే ఎక్కేది. అయినా ఆమె మీద నాకు జాలి లేదు. తాళంచెవులు ఆమె నడుముకే ఉండేవి.

ఒకనాడు గిన్నెల్లో ఒకటి తక్కువ వచ్చింది. తక్కువ వచ్చిందని నేను చెప్పాను. చెప్పడమే నా పని. తోమిన ఆమె చంటిపిల్ల తల్లి. ఎండలో వంగబెట్టి ఆమె వీపు మీద రాయి పెట్టారు. సాయంత్రానికి గిన్నె బావి వెనక బూడిదకుప్పలో దొరికింది. నా లెక్క సరైనదే, అందుకే ఆ రాయి.  ఉన్నది చెబితే ఎవరో ఒకరు వంగాలి. లేనిది చెబితే దొరసాని మళ్ళీ లెక్కపెట్టి నన్నే వంగబెడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే నాకు పాలపళ్ళున్నప్పుడే అర్థమైంది.

అవ్వ ఇస్తరి కట్టలు పట్టుకుని వచ్చేది. వాకిట్లో దించి నిలబడాలి, నేను లెక్కపెట్టాలి. మాట్లాడుకోవద్దు. కాని కట్టలో ఎక్కడో రెండు ఇస్తర్ల నడుమ సత్తుపిండి ముద్ద అదిమి పెట్టేది. నేను లెక్కపెడుతూ వేలికి జిగురు తగలగానే ఆ ఇస్తరిని అడుక్కు జరిపేదాన్ని. తర్వాత అర్రలో ఆకును నాకేదాన్ని. బెల్లం, మక్కల పిండి, మా ఇంటి పొగ, అన్నీ ఆ ఒక్క ముద్దలో ఉండేవి.

మళ్ళీ సీతాఫలాలు వచ్చాయి. నా ముందరి పళ్ళు రెండు ఊడాయి. దొరసాని నా గదమ పట్టుకుని చూసి, "పెద్దగైతున్నవ్. నీ తెలివి ఇంక వేరే తొవ్వల పోతది. నీకో చెల్లె ఉన్నదట గద? అది పనికొస్తే నిన్ను ఇంటికి తోలిస్త" అంది.

ఇంటికి! ఆ వారం రోజులూ నాకు వేరే ధ్యాస లేదు. దాచిపెట్టడం దేనికి, నాకు ఆశ పుట్టింది. చెల్లె తిండిపోతు, ఇక్కడైతే వరి అన్నం తింటుంది అనుకున్నాను. దానికి ఏడుపు తక్కువ, తొందరగా మరిగిపోతుంది అనుకున్నాను. అవ్వ పక్కలో పడుకున్నట్టు, బాపమ్మ ఆకులు అందించమన్నట్టు అన్నీ కళ్ళకు కట్టేవి. కాని సత్తుపిండి కోసం ఇస్తర్లు తిరగేస్తున్నప్పుడు, రేపు ఈ ఆకు చెల్లె నాకుతుంది గదా అనిపించేది.

చెల్లెకు లెక్కలు రావేమోనన్న ఆశ కూడా అవ్వ ఉంచలేదు. కట్టలు దించుతూ నోరు కదపకుండా, "అది నీకంటె ఎక్కువ. నడుస్తున్న మేకల కాళ్ళు సుత లెక్కపెడుతది. ఏం చెయ్యాలె బిడ్డా" అని గొణిగింది. నేను ఏం చేయగలను?

గంపలు వచ్చే రోజు వచ్చింది. దొరసాని ఈసారి ముందే పిల్లల నోళ్ళు తెరిపించి, వేలు పెట్టి చూసింది. ఎవరి నోట్లోనూ ఏమీ లేదు. బాపమ్మ కొంగు పట్టుకుని మా చెల్లె నిలబడి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది దానికి. గుర్తుపట్టగానే నవ్వింది. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను.

దాసి చేతిలో దువ్వెన ఉంది. దొరసాని జుట్టు విప్పుకుని ఉయ్యాల మీద వెనక్కి వాలింది. పది సీతాఫలం గింజలు లెక్కబెట్టి నా చేతిలో పోసింది.

"నేనడిగితే బెదురుతది. నువ్వైతే అక్కవు, ఊకోదు. ఒకటి ఇడిసిపెట్టి తొమ్మిదని చెప్పు. తప్పని అన్నదా, నువ్వు ఇయ్యాల్నే ఇంటికి" అంది.

నేను దొరసానికి వీపు పెట్టి నేల మీద కూర్చున్నాను. చెల్లె నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. గింజలు చేతిలో చెమటకు తడిసిపోయాయి. ఏం చేయాలో అప్పటిదాకా నాకు తెలియదు. ముక్కు కారితే తుడుచుకున్నాను. తుడుచుకున్న చేతిలోనే గింజలున్నాయి. ఒకటి పెదవికి తగిలింది. దాన్ని లోపలికి తీసుకుని నాలుక కింద పెట్టుకున్నాను.

మిగిలినవి నేల మీద పేర్చాను. ఒక్కటీ వదలకుండా, ఒక్కదాన్నీ రెండుసార్లు ముట్టకుండా లెక్కపెట్టాను. తొమ్మిది అన్నాను. గొంతు కొంచెం ముద్దగా వచ్చింది.

చెల్లె పెదవులు నా వేలి వెంటే కదిలాయి. తర్వాత గింజల మీద నుంచి దాని చూపు నా నోటి మీదికి వచ్చింది. అది చూసింది. నేను గింజ నోట్లో వేసుకోవడం అది చూసింది! దాని నోరు తెరుచుకుంది. అక్క నోట్లో ఒకటి ఉంది అన్నదంటే మా ఇద్దరి పనీ, బాపమ్మ పనీ అయిపోయినట్టే.

"ఏమంటవే చిన్నపోరి, మీ అక్క లెక్క సక్కగున్నదా?" వెనక నుంచి దొరసాని గొంతు.

చెల్లె నన్నే చూస్తూ, "సక్కగనే ఉన్నది" అంది.

"మంచిగ చూడు. తొమ్మిదేనా?"

"తొమ్మిదే."

దొరసాని నిట్టూర్చింది. "ఇది మొద్దు. తొమ్మిదంటే తొమ్మిదంటది, పదకొండంటే పదకొండంటది. తీస్కపో ముసలిదానా" అంది. తర్వాత "నువ్వు ఆ గింజలు ఏరెయ్యే" అని నాతో అంది. సరే దొరసానీ అనాలి గదా, నోట్లో గింజ అడ్డం పడింది. మింగేశాను. సీతాఫలం గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని మా ఊళ్ళో పిల్లలందరి భయం. చాన్నాళ్ళు పొట్ట తడుముకున్నాను.

బాపమ్మ నా వంక చూసింది. నా గొంతు గుటక వేయడం ఆమె చూసిందని నాకు తెలుసు.  చెల్లె చెవి మెలిపెట్టి, "మొద్దు పోరి, మా పరువు తీసినవ్ గదనే" అని అందరికీ వినబడేట్టు తిట్టుకుంటూ దిడ్డి తలుపు దాకా పోయింది. అక్కడ వంగబోతూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఆ మొహం ఎట్లుందో నేను చెప్పలేను. గడియ పడింది. నేను లోపలే ఉన్నాను.

ఆ తర్వాత ఇంకో పిల్ల దొరకనే లేదు. ఊళ్ళో పిల్లలందరూ మొద్దులైపోయారని దొరసాని అనేది. ఊళ్ళు తిరగబడి, గడి మనుషులు భయపడి పట్నం పోయే రోజులు వచ్చాకే నేను బయటికి వచ్చాను. అప్పటికి బాపమ్మ లేదు. నా బాల్యం అని చెప్పుకోవడానికి ఆ గోడల లోపలిదే ఉంది. కోపం ఇంకా ఉంది, పోవాలని నేను కోరుకోవడం లేదు.

చెల్లెను ఊరంతా మొద్దు అనే పిలిచింది. భిక్నూర్ దిక్కు ఇచ్చాం. ఎన్ని చుక్కల ముగ్గయినా చెరపకుండా ఒక్క ఊపులో వేసే మనిషి అది. ముసలితనంలో ఒకసారి అడిగాను, "ఆ రోజు నా నోట్లె గింజ చూసినవ్ గద, ఎందుకు చెప్పలే?" అని. నన్ను కాపాడాలని అంటుందేమో అనుకున్నాను.

"నోట్లేసుకున్నది తిన్నట్టే గదనే అక్కా. ముందల ఉన్నయే లెక్క. నీ లెక్క సక్కగనే ఉండె" అంది.

ఇద్దరం పళ్ళు లేని నోళ్ళతో చాలాసేపు నవ్వాం.

ఇప్పుడు గడి గోడలు పడిపోయాయి. లోపలంతా సీతాఫలం చెట్లే. పిల్లలు గోడ కూలిన చోట దూరి తెంపుకుంటారు. మొన్న మేం తిన్న పళ్ళు కూడా అక్కడివే.

మునిమనుమరాలి నోటి మీది నుంచి చెయ్యి తీసేశాను. "టీచరమ్మా, ఆ బొమ్మతోని ఇంకొక్కసారి లెక్కపెట్టియ్యి" అన్నాను. నా చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. బొమ్మ మళ్ళీ ఒక గింజను వదిలేసింది. పిల్ల ముందు నా మొహంలోకి చూసింది.

"చెప్పు బిడ్డా. గట్టిగ చెప్పు" అన్నాను.

"తప్పు! ఒకటి ఇడిసిపెట్టినవ్!" అని అది అరిచిన అరుపుకు వాకిట్లో కోళ్ళు చెదిరిపోయాయి. టీచరమ్మ చప్పట్లు కొట్టి, "మస్తు హుషారున్నదవ్వా నీ మనుమరాలు" అంది.

 అడగకుండా ఉండలేకపోయాను.

"మరిప్పుడు దీన్ని ఏడికి తీస్కపోతరు?"

టీచరమ్మకు అర్థం కాలేదు. నవ్వి, బొమ్మను సంచిలో పెట్టుకుంటూ, "ఏడికీ లేదవ్వా. ఇంట్లనే ఉంటది" అంది.

ఇంకొక్కసారి చెప్పమన్నాను.